ట్యాక్స్ ఇంటర్న్‌షిప్‌కు ‘వీసా స్పాన్సర్’ అని వెతికితే ఏమీ రావడం లేదంటే

మీ వెతుకులాట ఆగిపోయింది ఆ ‘స్పాన్సర్’ అనే మాట దగ్గరే. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఎంఎస్ అకౌంటింగ్ రెండో సెమిస్టర్ చదువుతూ, వీసా స్పాన్సర్ చేసే ట్యాక్స్ ఇంటర్న్‌షిప్ దొరకడం లేదని అడిగారు. అసలు ఇంటర్న్‌షిప్‌కు కంపెనీ వీసా ఇవ్వక్కర్లేదు. సీపీటీ (కోర్సులో భాగంగా బయట పనిచేసే అనుమతి) చాలు, అది ఇచ్చేది మీ యూనివర్సిటీ.

1. ‘స్పాన్సర్’ అనే ఆ ఫిల్టర్ తీసేసి ‘ట్యాక్స్ ఇంటర్న్’ అని మాత్రమే వెతకండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే: ఆఫర్ వచ్చాక కాదు, ఇప్పుడే డీఎస్‌ఓను (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) కలవండి. మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివాకే సీపీటీ ఇస్తారు. పని మీ కోర్సులో భాగమై ఉండాలి, ఆఫర్ లెటర్ కావాలి. సీపీటీ ముద్రించిన కొత్త ఐ-20 (విద్యార్థి హోదాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికి రాకముందు ఒక్కరోజు పనిచేసినా స్టేటస్‌కే ముప్పు. దయచేసి ఆ రిస్క్ తీసుకోకండి.

3. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే అదే డిగ్రీ స్థాయిలో ఓపీటీ (సాధారణంగా చదువయ్యాక పనిచేయడానికి వాడుకునే అనుమతి) పోతుంది.

4. ‘ఇప్పుడు గానీ, ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?’ అని ఫారంలో అడిగితే, అమెరికాలోనే ఉద్యోగం చేసే ఆలోచన ఉంటే ‘అవును’ అనే రాయండి. కొన్నిచోట్ల తిరస్కరిస్తారు, బాధగానే ఉంటుంది. అయినా అబద్ధం వద్దు. సీపీటీ సంగతి రిక్రూటర్‌కు ఒక్క లైన్‌లో చెప్పండి.

5. ట్యాక్స్ సీజన్ జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా. పెద్ద ఫర్మ్‌లు చాలా నెలల ముందే ఎంపిక చేసుకుంటాయి, అందుకని చిన్న సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) ఆఫీసులకూ నేరుగా మెయిల్ పెట్టండి. ఈలోగా ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వారి ఉచిత పన్ను సాయం కార్యక్రమం వీటాలో వాలంటీర్‌గా రిటర్న్‌లు చేస్తే రెజ్యూమేకు బలం.