పాత పికప్‌కి డిస్క్ బ్రేకులు: ముందు మాస్టర్ సిలిండర్ సంగతి చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. నా దగ్గర 1966 షెవర్లే సి-10 పికప్ ఉంది. ఇంజిన్ బాగుంది, బాడీ బాగుంది, బ్రేకులే టెన్షన్ పెడుతున్నాయి. నాలుగూ డ్రమ్ములే. ముందు బండి ఠక్కున ఆగితే పెడల్ మీద బరువంతా వేసి తొక్కాలి, పైగా బండి ఎడమకి లాగుతుంది. ముందు చక్రాలకి డిస్క్ కిట్ వస్తోంది, బోల్టులు బిగిస్తే అయిపోతుందంటున్నారు. నిజమేనా? వెనక కూడా మార్చాలా?

జవాబు: బోల్టులు బిగించడం దాకా నిజమే. ఆ పని ఒక శని, ఆదివారాల్లో అయిపోతుంది కూడా. కానీ మీ బండిలో నన్ను భయపెట్టేది డ్రమ్ములు కాదండీ, మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టే సిలిండర్. 1966 బండికి ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద ఒకటే రిజర్వాయరు, లోపల ఒకటే పిస్టన్, నాలుగు చక్రాలకీ ఒకటే సర్క్యూట్. ఎక్కడైనా ఒక హోస్ పగిలినా, వెనక ఆక్సిల్ మీద తుప్పు పట్టిన పైపు చిట్లినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది, పెడల్ నేలకి తగులుతుంది, ఇక మీకు మిగిలేది పార్కింగ్ బ్రేక్ ఒక్కటే. మరుసటి ఏడాది, అంటే 1967 మోడల్ నుంచి షెవర్లే వాళ్లు ముందుకీ వెనక్కీ వేర్వేరు సర్క్యూట్లు పెట్టారు. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, డబ్బులు ఒక పనికే ఉంటే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వేయించుకోండి, డిస్కులు తర్వాతైనా పర్లేదు.

ఇక డిస్కుల దగ్గరికి వద్దాం. డ్రమ్ములో లైనింగ్ అంటించిన షూలు లోపలి నుంచి బయటికి తోసుకుని పడతాయి, డిస్కులో క్యాలిపర్ అనే పట్టు రోటర్ అనే పళ్లాన్ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కుతుంది. ఒక్కసారి గట్టిగా తొక్కి ఆపే విషయంలో, సరిగ్గా సర్దిన డ్రమ్ముకీ డిస్కుకీ అందరూ చెప్పేంత తేడా ఉండదు, ఎందుకంటే చివరికి రోడ్డుని పట్టుకునేది టైరే. తేడా తెలిసేది రెండోసారి, మూడోసారి, పదోసారి తొక్కినప్పుడు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకి దూరంగా జరుగుతుంది, పెడల్ ఇంకా కిందికి పోతుంది, లైనింగ్ కూడా పట్టు వదిలేస్తుంది. డిస్కు చుట్టూ గాలి ఆడుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. వానలో నీళ్లు పడ్డా అది తిరుగుతూనే విసిరేస్తుంది, డ్రమ్ములో అవి లోపలే ఉండిపోయి బండి ఒక పక్కకి లాగుతుంది. ఘాట్ రోడ్డు దిగే వాళ్లకీ, వెనక ట్రైలర్ కట్టే వాళ్లకీ డిస్కు నిజంగా అవసరం.

షెవర్లే వాళ్లే 1971 మోడల్ నుంచి సి-10కి ముందు డిస్కులు ఇచ్చారు కాబట్టి మీ దారి కొత్తదేమీ కాదు. అయితే అక్కడే ఒక తిరకాసు ఉంది. మీ బండి చక్రానికి ఆరు నట్లు, 1971 నుంచి అవి ఐదయ్యాయి. ఆ తర్వాతి బండ్ల భాగాలతో చేసిన కిట్ కొంటే ముందు ఐదు నట్లు, వెనక ఆరు నట్లు అవుతాయి, స్టెప్నీ ఒకటి పెట్టుకుంటే సరిపోదు. ఆరు నట్ల రోటర్లతోనూ కిట్లు దొరుకుతున్నాయి, ఆర్డర్ పెట్టే ముందు అడగండి. ఇంకోటి, మీ పాత రిమ్ములోపల క్యాలిపర్ పడుతుందో లేదో చూడాలి. 15 అంగుళాల రిమ్ముల్లో చాలామటుకు పడుతుంది, అయినా కిట్ అమ్మేవాళ్లు ఇచ్చే కొలతల అట్టని కత్తిరించి రిమ్ములో పెట్టి చూసుకున్నాకే డబ్బు కట్టండి. కొన్ని కిట్లు చక్రాన్ని కొంచెం బయటికి నెడతాయి, అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఫెండర్‌కి రాసుకుంటుంది.

బూస్టర్, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో మీ కాలికి సాయం చేసే డబ్బా, కావాలా అని మీరు అడగలేదు గానీ చెప్పాల్సిందే. డ్రమ్ములో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాక్కుపోయి, తలుపు కింద దూర్చిన చెక్క చీలలా తనంతట తనే బిగుస్తుంది. డిస్కులో ఆ సాయం లేదు, మీ కాలి బలం ఎంతో అంతే. లెక్క చూడండి. పెడల్ 6 రెట్లు పెంచుతుందనుకుందాం, మీరు 75 పౌండ్ల బలంతో తొక్కితే పిస్టన్ మీద 450 పౌండ్లు పడుతుంది. ఒక అంగుళం వ్యాసం ఉన్న మాస్టర్ సిలిండర్‌లో అది దాదాపు 570 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). గట్టిగా ఆపాలంటే డిస్కులకి వెయ్యి పీఎస్‌ఐ దగ్గర కావాలి. అదే సిలిండర్ 1-1/8 అంగుళం అయితే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే సిలిండర్ సన్నబడే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. ఇంట్లో మీ ఆవిడో, పెద్దవాళ్లో కూడా ఆ బండి నడిపేటట్టయితే వాక్యూమ్ బూస్టర్ పెట్టించుకోండి. దానికి ఐడిల్‌లో 18 అంగుళాల పాదరసం దగ్గర వాక్యూమ్ ఉండాలి. ఇంజిన్‌లో వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద క్యామ్ వేసి ఉంటే అంత రాదు, గేజ్ పెట్టి చూశాకే కొనండి.

కిట్‌తో పాటు వచ్చిన మాస్టర్ సిలిండర్ డిస్క్-డ్రమ్ రకమేనా అని తప్పకుండా చూడాలి. నాలుగు డ్రమ్ముల బండి మాస్టర్ సిలిండర్‌లో లైన్‌లో కొద్ది ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వ్ ఒకటి ఉంటుంది, డ్రమ్ముల్లో వీల్ సిలిండర్ల కప్పుల పక్క నుంచి గాలి లోపలికి పోకుండా. అదే డిస్కు లైన్‌లో ఉంటే ప్యాడ్లు రోటర్‌ని వదలవు, బండి నడుస్తున్నంతసేపూ రాసుకుంటూ కాలిపోతాయి. పైగా ప్యాడ్లు అరిగే కొద్దీ క్యాలిపర్ పిస్టన్లు బయటికి వచ్చి ఎక్కువ ఫ్లూయిడ్ తాగుతాయి, చిన్న రిజర్వాయర్ చాలదు. పాత సిలిండర్‌ని పాలిష్ చేసి మళ్లీ పెట్టమని సలహా ఇచ్చే వాళ్లున్నారు, దయచేసి వినకండి.

వెనక డ్రమ్ములు అలాగే ఉంచండి. ఖాళీ పికప్‌లో వెనక బరువే ఉండదు, ఉన్న డ్రమ్ములే ఎక్కువ. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి తోక తిరుగుతుంది, అందుకే మధ్యలో కాంబినేషన్ వాల్వ్ పెట్టాలి. వెనక షూలు డ్రమ్ముని తాకేదాకా అది ముందు డిస్కులకి వెళ్లే ఒత్తిడిని కొద్దిగా ఆపి ఉంచుతుంది, గట్టిగా తొక్కినప్పుడు వెనక ఒత్తిడి మరీ పెరగకుండా చూస్తుంది, ఒక సర్క్యూట్ పోతే డాష్‌బోర్డు మీద లైటు వెలిగిస్తుంది. వెనక డ్రమ్ములు ఉంటే పార్కింగ్ బ్రేక్ కూడా ఉన్నదున్నట్టు పనిచేస్తుంది.

బండి ఎడమకి లాగుతోందన్నారు. అంటే కుడి ముందు చక్రం సరిగా పట్టడం లేదన్నమాట. హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోయిందేమో, వీల్ సిలిండర్ కారి షూ తడిసిందేమో చూడండి. షూలు అటూ ఇటూ మారి ఉన్నా అంతే, లైనింగ్ పొట్టిగా ఉన్నది బండి ముందు వైపు ఉండాలి. ఇది చూస్తే వేసవి దాకా బండి క్షేమంగా నడుస్తుంది, కిట్ సంగతి నిదానంగా ఆలోచించుకోవచ్చు. పాత షూల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము ఊడదీసినప్పుడు ఎయిర్ కంప్రెసర్‌తో ఊదకండి, తడిపి తుడిచేయండి.

ఒక మాట. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు. అంటే మీ బ్రేకులని ఎవరూ అడగరు, చూడరు. తెలిసిన మెకానిక్ చేత ఒకసారి చూపించుకోండి, ఆ ఖర్చుకి వెనకాడకండి.

ప్రశ్న: అన్నా, నా 1970 సి-10కి మాస్టర్ సిలిండరు, బూస్టరు, ముందు డిస్కులు అన్నీ నేనే వేశాను. నాలుగుసార్లు బ్లీడ్ చేసి లైన్లలో గాలి తీసినా పెడల్ స్పాంజిలా ఉంటోంది. ఎక్కడా లీకు లేదు. ఏం చేయమంటారు? (అట్లాంటా)

జవాబు: బండి జాకీ మీద ఎత్తి చక్రం తీసి, బ్లీడర్ స్క్రూ ఎక్కడుందో ముందు చూడు తమ్ముడూ. క్యాలిపర్‌కి అది పై అంచున ఉండాలి. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగిస్తే స్క్రూ కిందికి వస్తుంది. ఫ్లూయిడ్ దాంట్లోంచి చక్కగా కారుతుంది, బుడగలు కూడా రావు, అంతా అయిపోయిందనుకుంటాం. గాలి మాత్రం పైనే కూర్చుంటుంది, ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా రాదు. బోల్టులు రెండు వైపులా సరిపోతాయి కాబట్టి ఇది చాలామందికి జరుగుతుంది, డిస్కు వేసిన కొత్తలో స్పాంజి పెడల్ అనగానే నేను చూసేది ఇదే. మారి ఉంటే రెండూ విప్పి సరైన వైపు పెట్టుకో.

స్క్రూలు పైనే ఉన్నాయంటే అప్పుడు మాస్టర్ సిలిండర్ బల్ల మీద బ్లీడ్ చేయకుండానే బిగించేశావేమో ఆలోచించు. దాన్ని వైస్‌లో అడ్డంగా పట్టి, గొట్టాలు తిరిగి రిజర్వాయర్లోకే పెట్టి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని మెల్లగా నొక్కుతూ పోవాలి. తర్వాత బండి మీద వెనక కుడి చక్రం, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ, ఈ వరుసలో బ్లీడ్ చెయ్. వెనక షూల అడ్జస్ట్‌మెంట్ వదులుగా ఉన్నా పెడల్ దిగుతుంది, అది మర్చిపోకు. బ్రేకు ఫ్లూయిడ్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ వాడు, సిలికాన్‌తో చేసే డాట్ 5ని వాటిలో కలపొద్దు.

ప్రశ్న: నమస్తే అండి. మాది ఎడిసన్, న్యూజెర్సీ. మా వారూ నేనూ కలిసి 1951 షెవర్లే 3100 పికప్ బాగు చేసుకుంటున్నాం, బ్రేకుల పని నాది. మాస్టర్ సిలిండర్ నేల కింద, ఫ్రేమ్ మీద ఉంది. డిస్కులు పెడితే ఏదో వాల్వ్ వేయాలన్నారు, అది తప్పనిసరా?

జవాబు: మీ బండికి తప్పనిసరేనమ్మా. ఫైర్‌వాల్ మీద ఉండే బండిలో మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ల కంటే ఎత్తులో ఉంటుంది. మీ బండిలో అది క్యాలిపర్ల కంటే కిందుంది కాబట్టి పెడల్ వదిలేయగానే ఫ్లూయిడ్ వెనక్కి జారుతుంది, ప్యాడ్లు దూరం జరుగుతాయి, మళ్లీ తొక్కితే మొదటిసారి పెడల్ వట్టిగా దిగిపోతుంది, రెండోసారికి గట్టిపడుతుంది. ముందు డిస్కుల లైన్‌లో 2 పీఎస్‌ఐ రెసిడ్యువల్ వాల్వ్, అంటే లైన్‌లో కొద్ది ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వ్, వేస్తే ఆగుతుంది. వెనక డ్రమ్ముల లైన్‌లో 10 పీఎస్‌ఐది వేయాలి. రెండింటినీ తారుమారు చేస్తే ముందు ప్యాడ్లు రాసుకుంటాయి, వాల్వ్ మీద అంకెనీ బాణం గుర్తునీ చూసి, ఫ్లూయిడ్ చక్రాల వైపు వెళ్లేలా పెట్టండి. కొత్త మాస్టర్ సిలిండర్‌లో ముందే రెసిడ్యువల్ వాల్వ్ ఉంటే రెండోది అవసరం లేదు.

ఇంకో రెండు విషయాలు. మీది అసలు 6 వోల్టుల బండి, ఎవరైనా 12 వోల్టులకి మార్చారేమో చూసుకుని తర్వాతే ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు గురించి ఆలోచించండి. పైపులకి స్టీల్‌ది గానీ కాపర్-నికెల్‌ది గానీ వాడండి, ప్లంబింగ్ రాగి గొట్టం వద్దు. చివరలు డబుల్ ఫ్లేర్ చేయించుకోండి, అంటే అంచుని రెండు మడతలుగా విప్పించుకోండి, రింగు నొక్కి బిగించే కంప్రెషన్ ఫిటింగులు బ్రేకు లైన్లో అసలు వాడకూడదు. మీరే చేస్తున్నారని చదివి చాలా సంతోషమేసింది. లైన్లన్నీ బిగించాక పెడల్‌ని గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి, కొంచెం కూడా దిగకూడదు. తర్వాత స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ, హోస్ టైరుకి తగులుతోందేమో మీ వారిని కింద కూర్చోబెట్టి చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నాటి గాలి బ్రేకుల లారీ ఒకటి మా ఇంట్లో ఉంది, విజయవాడ ఆటోనగర్‌లో బాగు చేయిద్దామనుకుంటున్నాం. అమెరికా పికప్‌ల లాగా దీనికీ డిస్కులు పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. ఆ బండిలో బ్రేకు గాలితో నడుస్తుంది, గాలితో కదిలే బ్రేక్ ఛాంబర్, షూల దూరం సర్దే స్లాక్ అడ్జస్టర్, షూలని తోసే ఎస్-క్యామ్ అన్నీ డ్రమ్ముకి సరిపోయేలా కట్టినవి. డిస్కు పెట్టాలంటే ఆక్సిల్ దగ్గర నుంచి మార్చాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదు, రోడ్డు మీద తిప్పే ఉద్దేశం ఉంటే ఆర్టీవోలో అడగకుండా చేయి వేయొద్దు. ఉన్న డ్రమ్ముల్నే బాగు చేయించండి. డ్రమ్ము గుండ్రంగా ఉందో కోలగా అయిందో లేత్ మీద చూపించి, లైనర్లు మార్పించి, నాలుగు చక్రాల స్లాక్ అడ్జస్టర్లూ ఒకేలా సర్దించండి. తర్వాత నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు కొడుతూ నడిపి ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, తాకకండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అది రాసుకుంటోంది, చల్లగా ఉంటే అసలు పట్టడం లేదు. ఆ చక్రాన్ని మళ్లీ విప్పించండి.