హేమేయ్‌లో ఏడు గంటలు: అమ్మగారి మోకాళ్ల నొప్పి గురించి

మీ ఓడ ఐస్‌లాండ్ పక్కనున్న హేమేయ్ ద్వీపంలో ఏడు గంటలే ఆగుతుందని, అమ్మగారు ఎక్కువ నడవలేరని, ఓడవాళ్ల టూర్ ఖరీదు భరించలేమని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. ఊరు చిన్నది, సొంతంగానే చూడొచ్చు.

ముందుగా ఎల్డ్‌హేమర్ మ్యూజియానికి వెళ్లండి. 1973 జనవరి 23 అర్ధరాత్రి దాటాక ఊరి అంచునే భూమి చీలి లావా ఎగసింది. అదృష్టవశాత్తూ ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. దాదాపు 5,300 మందిలో చాలామంది వాటిలోనే తెల్లారేలోపు దాటిపోయారు. రేవు మూసుకుపోకుండా లావా మీద నెలల తరబడి సముద్రపు నీళ్లు చల్లారు! అప్పుడు బూడిదలో కూరుకుపోయిన ఒక ఇంటిని తవ్వి తీసి, దాని చుట్టూ ఈ మ్యూజియం కట్టారు. అమ్మగారికి ఎక్కడం దిగడం పెద్దగా ఉండదు. ఆ ఇంటి ముందు కాసేపు నిలబడనివ్వండి, తొందరపెట్టకండి.

ఎల్డ్‌ఫెల్ కొండ సుమారు 200 మీటర్ల ఎత్తు, వదులు రాళ్ల దారి. మీరూ మీ అబ్బాయీ ఎక్కండి, అమ్మగారిని మాత్రం ఎక్కించవద్దు. పఫిన్ పక్షుల కోసం ద్వీపం దక్షిణ కొనలోని స్టోర్‌హోఫ్దికి కారులో వెళ్లొచ్చు, కానీ ఆగస్టు దాటితే కనిపించవు. అక్కడ గాలి విపరీతం, అమ్మగారికి చెవులు కప్పే టోపీ తప్పనిసరి.

ఒక్క జాగ్రత్త: పెద్ద ఓడలు బయటే లంగరేసి చిన్న పడవల్లో దింపుతాయి. అలలు ఎక్కువైతే దిగడమే రద్దవుతుంది. అందుకే డబ్బు వాపసు రాని బుకింగ్ ఏదీ చేయకండి.