షట్టర్ మూసేముందు

బుజ్జమ్మా,

చెన్నై వేళచ్చేరిలో పన్నెండంతస్తుల సైటు నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

హెల్మెట్, బూట్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టులు వదలకు. మట్టి రిపోర్టు మాత్రం నువ్వే కూర్చుని చదువు. భూకంపం వస్తే అంత ఎత్తు భవనం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సెకనుకు కాస్త పైనే పడుతుంది. లోతైన మెత్తటి బంకమట్టి కూడా నిదానంగానే ఊగుతుంది. రెండూ ఒకే లయలో పడితే ఊపు పెరిగిపోతుంది. 1985లో భూకంపం 300 కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టినా, అలాంటి మట్టి మీదున్న మెక్సికో సిటీలో ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఇక నా తప్పు చెబుతాను. 1996లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టించాను. కింద ఖాళీగా పార్కింగ్, పైన గోడలు. గోడలున్న అంతస్తులన్నీ ఒక్క ముద్దలా కదులుతాయి, వంగాల్సిందంతా కింది కాలమ్సే వంగాలి. వాటి నిలువు రాడ్లను చుట్టి పట్టుకునే ఇనుప రింగుల హుక్కులు లోపలికి 135 డిగ్రీలు వంచాలి. మావాళ్లు 90కే ఆపేశారు. బీము, కాలమ్ కలిసేచోట అసలు రింగులే లేవు. "పట్టడం లేదు సార్" అన్నాడు మేస్త్రీ. మిక్సర్ తిరుగుతోంది, ఓనరు గేటు దగ్గర నిలబడ్డాడు. కానివ్వమన్నాను. చెన్నైని భూకంప ప్రమాదం కాస్త ఎక్కువున్న మూడో జోన్‌లోకి మార్చింది 2002లో. అప్పట్లో ఇది రెండో జోనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

2001 జనవరి 26న భుజ్ భూకంపానికి ఎక్కడో ఉన్న అహ్మదాబాద్‌లో పార్కింగ్ మీద కట్టిన అపార్ట్‌మెంట్లు కూలబడ్డాయి. ఫోటోల్లో నా రింగులే కనిపించాయి. పైనున్న కాంక్రీటు పెచ్చు రాలగానే హుక్కు విచ్చుకుని, నిలువు రాడ్లు బయటికి ఉబ్బాయి. అదే ఏడు సెప్టెంబరు 25 రాత్రి పుదుచ్చేరి దగ్గర సముద్రంలో భూకంపం వచ్చి, ఇక్కడ మన ఇల్లూ ఊగింది. స్కూటరేసుకుని ఆ అపార్ట్‌మెంట్ దగ్గరికి పరుగెత్తాను. పిల్లలంతా రోడ్డు మీదే ఉన్నారు. "ఇల్లు గట్టిదేనా సార్?" అని ఒకావిడ అడిగింది. గట్టిదేనమ్మా అన్నాను. మర్నాడు ఓనరుకు నిజం చెప్పి, కాలమ్స్‌కు జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీటు తొడుగు, చేయించమన్నాను. "ఏమీ కాలేదుగా" అన్నాడాయన. ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లలేను.

నిన్నూ తొందరపెడతారు. ఆడపిల్లవని నీ మాట విననట్టు నటిస్తారు. మీ నాయనమ్మ మొండితనం నీకు వచ్చింది, దాన్ని వాడుకో. ఖాళీ కడుపుతో సైటుకు వెళ్లావని తెలిస్తే మాత్రం ఊరుకోను. మొదటి బీము-కాలమ్ జాయింటు ఫోటో, కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు పలకల షట్టర్ మూసేముందు నాకు పంపించు తల్లీ. ఎంత రాత్రయినా ఫోన్ ఎత్తుతాను.

మీ పెదనాన్న