పాత జ్ఞాపకాలను గుర్తుచేసే భవనాలు డిజైన్ చేయడం కెరీర్‌గా పనికొస్తుందా? ఎలివేషన్ (భవనం ముందు వైపు) మీద ఆర్చ్‌లు, చెక్కడాలు పెడితే సరిపోతుందా?

పనికొస్తుంది. ఆర్చ్‌లు పెడితే మాత్రం సరిపోదు. ఆర్కిటెక్ట్‌గా క్లయింట్లతో నాకు ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. ప్లాన్ అంతా మామూలుగా గీయించుకుని, ఆఖర్లో ‘కాస్త ట్రెడిషనల్ లుక్ ఇవ్వండి’ అంటారు.

వీలైతే జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రం చూడండి. డిజైన్ చార్లెస్ కొరియాది (ఆయన 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే). 1727లో సవాయ్ జైసింగ్ కట్టించిన జైపూర్ తొమ్మిది చదరాల నగరం. కొండ అడ్డొచ్చి ఒక చదరాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది. కొరియా కూడా తొమ్మిది చదరాలే తీసుకుని, ఒకదాన్ని తిప్పి పెట్టారు. నడిమి చదరంలో గదులేమీ లేవు, ఆకాశం కింద మెట్లున్నాయంతే. ఈ లెక్కలేవీ తెలియనివాళ్లు కూడా వచ్చి ఆ మెట్ల మీద కూర్చుంటారు. సబర్మతిలో ఆయనే కట్టిన గాంధీ సంగ్రహాలయం (1963) ఇంకా సాదాగా ఉంటుంది: ఇటుక స్తంభాలు, పెంకు కప్పు, కిటికీలకు అద్దాల బదులు తెరిచి మూసే చెక్క రెక్కలు. అక్కడ నాకు అలంకారం అనదగ్గది ఏదీ కనబడలేదు.

మన మండువానే తీసుకోండి. నాలుగు వైపులా కప్పు లోపలికి వాలాలి, వాన నీళ్లు నడిమిలో పడాలి, అవి పోవడానికి తూము ఉండాలి, చుట్టూ వసారాలో మనిషి తడవకుండా కూర్చోగలగాలి. ఇప్పుడు మండువా అడిగేవాళ్లలో చాలామంది పైన పాలికార్బొనేట్ షీటు వేయించమంటారు. వాన కనిపించాలట, తడి మాత్రం రాకూడదట! దోమల గురించి వాళ్ల భయం నిజమే, కాదనను. కానీ షీటు వేశాక అది హాలు అవుతుంది, పైగా ఎండాకాలంలో వేడెక్కే హాలు.

చదువు సంగతికొస్తే, ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), ఆ తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్. అసలు పని నేర్పేది మాత్రం పాత ఇళ్లను టేపుతో కొలిచి గీయడం. అరుగు ఎత్తెంత, చూరు ఎంత కిందికి దిగింది, గుమ్మంలో తల ఎక్కడ వంచాలి అన్నవి ఫొటోల్లో తెలియవు. దానికి డబ్బులెవరూ ఇవ్వరు. మొదట్లో ఇల్లు గడవాలంటే అపార్ట్‌మెంట్లూ గీయాల్సిందే, నేనూ గీశాను, ఇప్పటికీ గీస్తున్నాను.

ఇంటర్న్‌షిప్‌కి ఆఫీసు వెతికేటప్పుడు వాళ్ల త్రీడీ రెండర్లు (కంప్యూటర్ బొమ్మలు) కాదు, సెక్షన్ డ్రాయింగులు (భవనాన్ని నిలువునా కోసినట్టు లోపల చూపించే గీతలు) చూపించమనండి. ఎండ, గాలి, వాన ఎటునుంచి వస్తాయో అందులో గీసి ఉంటే చేరిపోండి.