పేరు కథలోది, బిడ్డ మనది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పిల్లల పేర్ల గురించే ఉన్నాయి. నవలల్లో, సినిమాల్లో, సిరీస్‌లలో నచ్చిన పాత్రల పేర్లు పిల్లలకి పెట్టొచ్చా అని. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు ఏడో నెల. చిన్నప్పటి నుంచీ మళ్లీ మళ్లీ చదివిన ఒక నవలలో నాయిక పేరు, పాప పుడితే పెట్టుకోవాలని ఆశ. మావారికి ఓకే. మా అత్తగారు మాత్రం "లేని మనిషి పేరు పిల్లకి పెట్టడమేంటి, నలుగురూ నవ్వరూ?" అంటున్నారు. నిజంగా తప్పా?

జవాబు: తప్పేం లేదమ్మా. ఇవాళ మామూలు పేర్లుగా చలామణి అవుతున్నవాటిలో కొన్ని కథల్లోంచి వచ్చినవే. జెస్సికా అన్న పేరు ఆ రూపంలో మొదట కనిపించేది షేక్‌స్పియర్ నాటకం 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో, షైలాక్ అనే వడ్డీ వ్యాపారి కూతురిగా. ఆ అమ్మాయి తండ్రి నగలూ డబ్బూ పట్టుకుని ప్రేమించినవాడితో వెళ్లిపోతుంది. 1980ల చివర్లో అమెరికాలో ఆడపిల్లలకి అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు అదే, అయినా ఏ జెస్సికానీ ఎవరూ షైలాక్ గురించి అడగరు. వెండీ పేరు కూడా అంతే, 1904లో 'పీటర్ పాన్' నాటకం వచ్చేదాకా ఎక్కడో తప్ప వినిపించేది కాదు. రచయిత బ్యారీని ఒక స్నేహితుడి చిన్న కూతురు 'ఫ్రెండీ' అని పిలవబోయి, నోరు తిరగక 'ఫ్వెండీ' అనేదట, అందులోంచి పుట్టింది ఆ పేరు. ఇక మ్యాడిసన్ సంగతైతే, 1984లో వచ్చిన 'స్ప్లాష్' సినిమాలో మత్స్యకన్య వీధి బోర్డు మీద చూసి ఆ పేరు ఎంచుకుంటే హీరో అది పేరే కాదంటాడు. జనం నవ్వడానికి రాసిన సీన్ అది. 2001కల్లా అమెరికాలో ఆడపిల్లల పేర్లలో రెండో స్థానానికి చేరింది.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, కథ వెనక్కి పోయినా పేరు నిలబడగలదు. మీరు చూసుకోవాల్సింది అదొక్కటే: ఆ నవల పేరు కూడా వినని మనిషికి మీ పాప పేరు ఎలా వినిపిస్తుంది? నవల సంగతి ఎత్తకుండా ఓ నలుగురికి పేరు మాత్రం చెప్పి రాయమనండి. నలుగురూ నాలుగు రకాలుగా రాస్తే, ఆ పిల్ల జీవితాంతం ప్రతి కౌంటర్ దగ్గరా అక్షరం అక్షరం చెప్పుకోవాల్సి వస్తుంది. తర్వాత ఆ పేరుతో గట్టిగా కేకేసి చూడండి, కోపంగా పిలిచి చూడండి, అరవై ఏళ్ల ఆవిడని ఆ పేరుతో పరిచయం చేస్తున్నట్టు ఊహించుకోండి. అన్నిట్లోనూ ఇమిడితే సందేహించక్కర్లేదు.

అత్తగారితో పేరు గురించి వాదించకండి. ఆ నాయిక ఏం చేసింది, మీకు ఎందుకంత ఇష్టం, తీరిగ్గా కూర్చుని కథలా చెప్పండి. ఆవిడకి పేరు నచ్చకపోయినా మీ ఇష్టం అర్థమవుతుంది, ఇవాళ్టికి అది చాలు.

ప్రశ్న: మేం వారం వారం చూసే సిరీస్‌లో హీరోయిన్ పేరు పాపకి పెడదామని మావారి పట్టుదల. చాలా ధైర్యమైన పాత్ర. కానీ సిరీస్ ఇంకా అయిపోలేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 2011లో మొదలైంది. అందులో బానిసలని విడిపించే రాణి డెనేరిస్‌ని ఖలీసీ అని పిలుస్తారు, అది ఆమె హోదా. ఆ పిలుపే పేరుగా ఒక్క 2018లోనే అమెరికాలో 500 మందికి పైగా ఆడపిల్లలకి పెట్టారు. 2019లో, సిరీస్ ముగియడానికి ఒక్క ఎపిసోడ్ ముందు, అదే రాణి లొంగిపోయిన నగరాన్ని జనంతో సహా తగలబెట్టేస్తుంది. అప్పటికే పేరు పెట్టేసిన తల్లిదండ్రుల మాటేమిటి? రచయిత చేతిలో ఇంకా కలం ఉండగా ఆ పాత్ర ఎటు తిరుగుతుందో మనకి తెలియదు, మన పాప పేరు మాత్రం రిజిస్టర్‌లోకి ఎక్కిపోతుంది. కథ అయిపోయిన పాత్రల్లోంచి ఎంచుకోమని మీవారికి చెప్పండి. లేదు, ఆ పేరే కావాలంటే, ఆ పాత్ర రేపు చెడిపోయినా పిలవడానికి మనసొప్పుతుందా అని ఇద్దరూ ఒకరినొకరు నిజాయితీగా అడగండి.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. నాన్నకి ఇష్టమైన మాంత్రికుల కథలో హీరో పేరు నాకు పెట్టారు. కొత్తవాళ్లు ఎవరు కలిసినా "ఏదీ, ఒక మంత్రం వెయ్యి" అంటారు. పేరు మార్చుకోవాలని ఉంది. నాన్న బాధపడతారని చెప్పలేకపోతున్నాను.

జవాబు: ఆ పేరు నీకు నచ్చకపోతే అది నాన్నని కాదనడం కాదు, బాబూ. ఆయన ప్రేమతోనే పెట్టి ఉంటారు, కానీ అప్పుడు నిన్ను అడిగే వీలు లేదు, మోస్తున్నది నువ్వు. "ఈ పేరు నాకొద్దు" అని మొదలుపెట్టకు. నువ్వు నాకు రాసినట్టే, జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పు, ఎవరు ఎక్కడ ఏమన్నారో, ఆ తర్వాత నీకెలా ఉంటుందో. బహుశా ఆయన దాకా ఈ సంగతే వచ్చి ఉండదు. ఆ హీరోలో ఆయన ఏం చూశారో కూడా అడుగు. విన్నాక నీ మనసు మారి తీరాలని లేదు.

కాగితాల మీద మార్చడానికి తొందరపడకు. ఒకసారి మారిస్తే సర్టిఫికెట్లన్నిట్లో మార్పించుకోవాలి, అది పెద్ద పని. ముందు నీకు నచ్చిన పొట్టి పేరొకటి ఎంచుకుని స్నేహితులని అలా పిలవమను, పుస్తకాల మీద అదే రాసుకో. కొన్ని నెలలకి ఆ పేరుతో పిలిస్తే నువ్వు ఆలోచించకుండా తిరిగి చూస్తున్నావంటే అది నీదైనట్టే. ఎగతాళి సరదా దాటి నిన్ను బాధపెడుతుంటే అది వేరే సమస్య, దాన్ని టీచర్‌కి చెప్పాలి. ఎవరో ఏడిపిస్తున్నారని పేరు మార్చుకోకు, నీకు కావాలంటేనే మార్చుకో.

ఇది చదువుతున్న అమ్మానాన్నలకి నా విన్నపం ఒకటి: అంత ప్రసిద్ధమైన పేరు పెట్టేటప్పుడు పక్కన ఒక మామూలు పేరు కూడా రాయించండి. పిల్లలకి తప్పుకునే దారి ఉంటుంది.

ప్రశ్న: సినిమా కంపెనీ ట్రేడ్‌మార్క్ చేసుకున్న పాత్ర పేరు పిల్లలకి పెడితే కేసు వేస్తారా?

జవాబు: వెయ్యరు. ట్రేడ్‌మార్క్ అమ్మే సరుకులకీ సేవలకీ సంబంధించింది, మనిషి పేరుకి కాదు. 2024లో బ్రిటన్‌లో ఖలీసీ అనే చిన్నారి పాస్‌పోర్ట్‌కి, ట్రేడ్‌మార్క్ ఉన్న కంపెనీ అనుమతి తెమ్మని అధికారులు మొదట మెలిక పెట్టి, తర్వాత పొరపాటైందని క్షమాపణ చెప్పారు. అయితే ఐస్‌ల్యాండ్, డెన్మార్క్ లాంటి చోట్ల ఆమోదించిన పేర్ల జాబితాలు ఉంటాయి, అందులో లేని పేరుకి అనుమతి అడగాలి. మీరున్న దేశంలో నియమం ఏమిటో ముందే కనుక్కోండి.

ప్రశ్న: పెద్దబాబుకి ఒక కథలోని అన్న పేరు పెట్టాం. చిన్నవాడికి అదే కథలోని తమ్ముడి పేరు పెట్టమంటారా?

జవాబు: కథలో ఆ తమ్ముడు ఏమవుతాడో మీరు రాయలేదు. అన్న నీడలో ఉండిపోయేవాడో, అన్నకి ద్రోహం చేసేవాడో అయితే వద్దు. పిల్లలు ఏదో ఒకరోజు ఆ కథ చదువుతారు, ఎవరికి ఏ వంతు వచ్చిందో చూసుకుంటారు. మంచి తమ్ముడే అయినా నేను వేరే పేరే వెతుకుతాను, ఎందుకంటే జంట పేర్లలో ఒకటి వినగానే జనానికి రెండోది గుర్తొస్తుంది, ఇద్దరినీ ఎప్పుడూ కలిపే చూస్తారు. అదే కథలోంచి కావాలంటే అన్నతో సంబంధం లేని ఓ చిన్న పాత్ర పేరు చూడండి.