పాత కోడ్‌లో "ఇండెక్స్ వేస్తే టేబుల్ లాక్ అవ్వదు" అని కామెంట్ ఉంది, నమ్మి పగలు రన్ చెయ్యొచ్చా?

వద్దు. మిగతా కామెంట్ల సంగతి ఎలా ఉన్నా లాకుల గురించి రాసింది మాత్రం పాల ప్యాకెట్ లాంటిది, తేదీ చూడకుండా ముట్టుకోకూడదు.

మాది బస్ టికెట్ల సైట్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద. ఇండెక్స్, అంటే టేబుల్‌లో త్వరగా వెతకడానికి వేసే సూచిక, వెయ్యాలంటే ఒక పాత మైగ్రేషన్ ఫైలు (డేటాబేస్‌లో మార్పులు చేసే స్క్రిప్టు) ఉండేది, అందరం దాన్నే కాపీ కొట్టి టేబుల్ పేరు మార్చేసేవాళ్ళం. పైన కామెంట్ అచ్చం మీరు చెప్పిందే, "టేబుల్ లాక్ అవ్వదు, ఎప్పుడైనా రన్ చేసుకోవచ్చు". చిన్న టేబుళ్ళ మీద రెండు సెకన్లలో అయిపోయేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సంక్రాంతికి వారం ముందు, మంగళవారం పొద్దున 11 గంటలకి, బుకింగ్స్ టేబుల్ మీద రన్ చేశాం, అందులో 6 కోట్ల రోస్.

తమాషా ఏంటంటే సైట్ బానే ఓపెన్ అవుతోంది. విజయవాడ బస్సులు వెతికితే వస్తున్నాయి, సీట్లు కనపడుతున్నాయి, మానిటరింగ్ అంతా పచ్చగా ఉంది. సీటు నొక్కి బుక్ అంటే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. మామూలు క్రియేట్ ఇండెక్స్ తీసుకునేది షేర్ లాక్, అది చదవడాన్ని ఆపదు, రాయడాన్ని ఆపేస్తుంది. కస్టమర్ కేర్ వాళ్ళు పేమెంట్ గేట్‌వే వాళ్ళని తిడుతున్నారు, వాళ్ళు మమ్మల్ని. డేటాబేస్‌లో ఆ క్షణం ఏం నడుస్తోందో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ నేను తెరిచి చూస్తే ఇన్సర్టులన్నీ లాక్ అని క్యూ కట్టి ఉన్నాయి, తిరుపతి దర్శనం లైనులా. క్యాన్సిల్ కొట్టేసరికి 14 నిమిషాలు పోయాయి.

తర్వాత హిస్టరీ తవ్వాం. కామెంట్ రాసిన రోజున కింద లైన్లో, రాయడాన్ని ఆపకుండా ఇండెక్స్ వెయ్యమని చెప్పే కంకరెంట్లీ అనే మాట ఉంది, అప్పటికి అది నిజమే. ఏడాది తర్వాత ఒక కుర్రాడికి ఇది ట్రాన్సాక్షన్ (అయితే అన్నీ, లేదంటే ఏదీ జరగకుండా కట్టిన పనుల కట్ట) లోపల నడవదు అని ఎర్రర్ వచ్చింది, మైగ్రేషన్‌కి ట్రాన్సాక్షన్ ఆఫ్ చెయ్యాల్సింది పోయి ఆ ఒక్క మాట తీసేశాడు. ఎర్రర్ పోయింది, కామెంట్ ఉండిపోయింది. రివ్యూ చేసి అప్రూవ్ కొట్టింది నేనే, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పది ఫైళ్ళు పంపిస్తే ఎవడు చదువుతాడండీ.

పైగా ఆ కామెంట్ మొదట్నుంచీ సగమే నిజం. కంకరెంట్లీ కూడా లాక్ తీసుకుంటుంది, కాకపోతే రాయడాన్ని ఆపని లాక్. టేబుల్‌ని రెండుసార్లు చదువుతుంది, పాత ట్రాన్సాక్షన్లు అయిపోయేదాకా ఆగుతుంది. ఆ రాత్రి సరిగ్గా పెట్టి మళ్ళీ నడిపితే ఎవరో రిపోర్ట్ క్వెరీ తెరిచి ఇంటికెళ్ళిపోయారు, దానికోసం గంటన్నర కాచుకుని కూర్చుంది. విసుగొచ్చి ఆపితే ఇన్‌వ్యాలిడ్ ఇండెక్స్, అంటే సగంలో ఆగి పనికిరానిది, మిగిలింది, డ్రాప్ చేసి మళ్ళీ మొదటికి. ఇప్పుడు కామెంట్ పీకేసి, కంకరెంట్లీ లేకపోతే బిల్డే ఫెయిలయ్యేలా చెక్ పెట్టాం.

ఉల్టా కూడా జరుగుతుంది. నా ముందు కంపెనీలో మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్, "ఇండెక్స్ వేస్తే టేబుల్ మొత్తం లాక్, ఆదివారం రాత్రి 2 గంటలకే చెయ్యాలి" అని కామెంట్. 2013లో దాని 5.6 వెర్షన్ వచ్చాక ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ టేబుళ్ళని దాచే ఇంజన్) మామూలు ఇండెక్స్ పడుతుండగానే రాతలు నడుస్తాయి, మొదట్లో చివర్లో కాసేపు టేబుల్ నిర్మాణం మీద పడే మెటాడేటా లాక్ తప్ప. మేం 5.7 మీద కూర్చుని కూడా ఆ కామెంట్ చూసి ఆదివారాలు నిద్ర మానుకున్నాం. కాంప్ ఆఫ్ ఇస్తామన్నారు, నాకింకా నాలుగు రావాలి.