కలీడా రాల్స్ చిత్రాల్లో నల్లజాతి స్త్రీలు నీళ్లలోనే ఎందుకుంటారు?

నల్లజాతివాళ్లకు భయాన్నీ నిషేధాన్నీ మిగిల్చిన నీటినే వాళ్లు సేదదీరే చోటుగా చూపించాలని ఈ అమెరికన్ చిత్రకారిణి అలా వేస్తారు. బానిసల్ని ఓడల్లో తరలించింది సముద్రం మీదే. తర్వాత జాతి వివక్ష కాలంలో తెల్లవాళ్ల ఈతకొలనుల్లోకి, బీచ్‌ల్లోకి నల్లవాళ్లను రానివ్వలేదు. తరాల తరబడి ఈతకే దూరమయ్యారు. ఆ నీళ్లలోనే ఆమె స్త్రీలు నిశ్చింతగా తేలుతుంటారు: తెల్లగౌను ఉబ్బి ఉంటుంది, చర్మం మీద వెలుగు గీతలు వలలా పరుచుకుంటాయి.

2024లో మయామీలోని పెరెజ్ ఆర్ట్ మ్యూజియంలో పెట్టిన చిత్రాలే చూడండి. వాటికోసం ఆమె మయామీలోనే ఉన్న వర్జీనియా కీ బీచ్‌కు వెళ్లారు. 1945లో నల్లవాళ్లకు విడిగా ఇచ్చిన తీరం అది.

ఈ చిత్రాల్లోని స్త్రీలు మునిగిపోతున్నారని కొందరు పొరబడతారు. ముఖాలు చూడండి, ఎక్కడా పెనుగులాట ఉండదు. ఫొటోలనుకునేవాళ్లూ ఎక్కువే. ఫొటో మొదటి మెట్టు మాత్రమే. మనుషుల్ని నీళ్లలో ఉంచి ఫొటోలు తీసి, వాటిని చూస్తూ కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో వేస్తారు. అక్రిలిక్ త్వరగా ఆరిపోతుంది, తడిగా ఉండగా రంగులు కలిపే వ్యవధి ఇవ్వదు. పల్చటి పూతలు ఒకదానిమీద ఒకటి పడకపోతే అలల అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి.